తుంగమడుగు ప్రశాంతతా చట్టం

ఆ ఏడు ఎండలు ముదిరి వాగంతా ఇసుకైపోయింది. చుట్టుపక్కల అడవికి మిగిలిన నీళ్లు తుంగమడుగులోనివే. దుప్పులు, కుందేళ్లు, అడవిపందులు, కొండముచ్చులు, నక్కలు, అందరూ పొద్దువాలే వేళకు అక్కడికే రావాలి. వచ్చి తాగడం కష్టం కాదు. తాగి ఇంటికి తిరిగి పోవడమే కష్టం. మడుగుకు ఒక పక్కంతా దుప్పి కొమ్ములు మునిగేంత ఎత్తున తుంగ పెరిగి ఉంటుంది. ఆ తుంగలో ఎవరు పడుకుని ఉన్నారో దేవుడికే తెలియాలి.

దేవుడి తర్వాత తెలిసేది వీరాసామికి. వీరాసామి కొండముచ్చుల పెద్ద. గట్టు మీది తెల్లమద్ది చిటారుకొమ్మన కూర్చుని, తుంగ కదిలిన తీరు చూసి అది గాలో చిరుతో చెప్పేస్తాడు. చిరుతయితే "ఖాక్!" అని ఒక్క కేక. ఆ కేక అందుకుని దుప్పులు గిట్టతో నేలను తన్ని కూత పెడతాయి, పందులు గుర్రుమంటాయి, రెప్పపాటులో మడుగు ఖాళీ అవుతుంది. దీనికి జీతం లేదు, బత్తెం లేదు. తాతల నాటి నుంచీ వస్తున్న ఆనవాయితీ. ఆ కేక ఉందన్న ధీమాతోనే అందరూ తల వంచి నీళ్లు తాగేవాళ్లు, నక్కలతో సహా.

ఆ అడవికి పెద్దబండ మీద ఒక సభ కూడా ఉంది. అధ్యక్షుడు పెద్దపులి. ఏ తావు వాళ్లు ఆ తావుకు ఒక సభ్యుణ్ని ఎన్నుకుని పంపుతారు. తుంగమడుగు నుంచి వెళ్లేది బూడిదయ్య అనే నక్క. గడ్డి తినేవాళ్లు పోయి పోయి నక్కను ఎన్నుకోవడమేమిటని మీరడగొచ్చు. పాపం, వాళ్ల లెక్క వాళ్లది. పులి ఎదుట నిలబడి మాట్లాడి, మళ్లీ ప్రాణాలతో తిరిగి రాగలవాడెవడా అని వెతికితే ఇంకెవరూ కనపడలేదు. కుందేలును పంపితే సభ మొదలవకముందే ఫలహారమైపోదూ!

సభ ముగిసిన ప్రతిసారీ బూడిదయ్య వచ్చి మడుగు దగ్గరి పుట్ట ఎక్కుతాడు. అక్కడ తానేం సాధించాడో జనానికి చెప్పుకుంటాడు. ఈసారీ ఎక్కాడు. గొంతు సవరించుకున్నాడు.

"నా ప్రియమైన తుంగమడుగు ప్రజలారా! మీ ఆశీస్సులతో ఈ సమావేశాలు దిగ్విజయంగా ముగిశాయి. దారికడ్డంగా పడిన ఏగిస మాను సంగతి నేను సభలో గట్టిగా లేవనెత్తాను."

"తీయిస్తామన్నారా?" అని అడిగాడు గరికయ్య. గరికయ్య కుందేలు. చెవులెంత పొడుగో నాలుకా అంతే పొడుగని పేరు.

"అధ్యక్షులవారు నా వైపు చూశారు."

"చూసి?"

"చూశారయ్యా! పులి చూసిందంటే మాటలనుకున్నావా?" అన్నాడు బూడిదయ్య. అందరూ నిజమే సుమా అన్నట్టు తలలూపారు. ఆయన చూపు పడి బతికి రావడం ఘనకార్యమేనని వాళ్లకూ అనిపించింది.

ఆ తర్వాత బూడిదయ్య చాలా విషయాలు చెప్పాడు. తేనెపట్ల మీద జరిగిన చర్చలో తాను పాల్గొన్నాడట. వానలు త్వరగా రావాలని చేసిన తీర్మానాన్ని బలపరిచాడట. ఎండకు పిల్లలు ఆవులించడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు, దారిలో పోతూ పోతూ చెప్పినట్టు, "అన్నట్టు తుంగమడుగు ప్రశాంతతా చట్టం కూడా ఆమోదం పొందింది. రేపటి నుంచే అమలు. మీ అందరికీ నా అభినందనలు" అని పుట్ట దిగబోయాడు.

"అయ్యా, కొంచెం ఆగండి" అంది చుక్కమ్మ. చుక్కమ్మ దుప్పి. ఆమె కూన ఇంకా పొదలోనే దాగి పెరుగుతోంది. పాలు తగ్గిపోతున్నాయి, నేడో రేపో దాన్ని మొదటిసారి మడుగుకు తీసుకురాక తప్పదు. అందుకే మడుగు మాట వినపడగానే ఆమె చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఆ చట్టంలో ఏముందండీ?"

"ఏముంటుందమ్మా, ప్రశాంతత! మడుగు దగ్గర ఇకమీదట ఎవరూ కేకలు పెట్టకూడదు. ఖాక్ అనకూడదు, కూత పెట్టకూడదు, గుర్రుమనకూడదు, నేల తన్నకూడదు. అంతే."

"అంటే చిరుత వచ్చినా?"

బూడిదయ్య నీళ్లు నమిలాడు. "చిరుత అనకమ్మా, చిరుత దొరవారు అను. ఆయనకూ దాహమేస్తుంది కదా! ఆయన నీళ్లకు వచ్చినప్పుడల్లా మీరంతా గోలగోలగా అరుస్తుంటే ఆ మనసు ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించారా? సభలో ఆ మాట చెబుతూ ఆయన కంటతడి పెట్టారు."

"ఆయనొచ్చేది తాగడానికేనంటారా?" అన్నాడు గరికయ్య.

"చట్టంలో తాగడానికనే ఉంది."

"మరి ఎవరన్నా అరిస్తే?"

"అరిచినవాడికీ వాడి జాతికీ ఈ వేసవంతా మడుగు నీళ్లు బంద్. కాకులు చూస్తుంటాయి. ఎవరు నోరెత్తినా పెద్దబండకు కబురు చేరుతుంది."

చెట్టు మీద వీరాసామి కొమ్మను గట్టిగా పట్టుకున్నాడు. ఒక్క కేక వేస్తే తన మందంతా దాహంతో చస్తుంది. వేయకపోతే కింద తల వంచినవాళ్లలో ఎవరో ఒకరు చస్తారు. ఎటు తిరిగినా చావే. చుక్కమ్మకు పొదలో తన కూన గుర్తుకొచ్చింది.

"అయ్యా, ఆ చట్టానికి ఓటేసేటప్పుడు మీరెటు వేశారు?" అని అడిగింది చుక్కమ్మ.

"మీ భయాలన్నీ సభ ముందు పెట్టాను. తీవ్ర ఆవేదన వ్యక్తం చేశాను."

"చేసి?"

"చేసి, మద్దతిచ్చాను" అని బూడిదయ్య పుట్ట దిగి చరచరా వెళ్లిపోయాడు.

అసలు సంగతి నన్నడగండి, చెబుతాను. చిరుత ఎప్పుడు తుంగలోంచి తల ఎత్తినా వీరాసామి కేకతో వేట చెడిపోతోంది. అందుకని చిరుత బూడిదయ్యను పక్కకు పిలిచి, "ఈ చట్టానికి నువ్వు ఊ అను, నేను తినగా మిగిలింది నీకు" అన్నాడు. ఆ మాటకు బూడిదయ్య ఆవేదనంతా లాలాజలమైపోయింది. సిగ్గులేని జన్మ!

మర్నాడు సాయంత్రం అందరూ మడుగుకు వచ్చారు. రాక చేసేదేముంది? ఎప్పుడూ పలకరింపులూ ఎకసెక్కాలూ వినపడే రేవులో ఆ రోజు నీళ్లు గుటక వేసిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కాకులు ఎండుకొమ్మ మీద బారుగా కూర్చుని కిందికి చూస్తున్నాయి. ఒక గుక్క తాగడం, తల ఎత్తి వీరాసామి వైపు చూడడం, మళ్లీ ఒక గుక్క. కేక లేకపోయినా వీరాసామి మొహం చూస్తే ఆపద తెలిసిపోతుందని అందరూ అనుకున్నారు. కానీ ఆకుల చాటున ఆ మొహం సరిగ్గా కనపడలేదు.

గరికయ్య తుంగకు దగ్గరగా, పల్లంలో తాగుతున్నాడు. అక్కడి నుంచి చెట్టు కనపడదు. తుంగ ఒకసారి విడిపోయి మళ్లీ కలిసింది. గరికయ్య ఉన్న చోట గరికయ్య లేడు. అరుపు లేదు, పెనుగులాట లేదు. నీళ్ల మీద చిన్న అల ఒకటి గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. అది చూసిన దుప్పులు ఒకరినొకరు తోసుకుంటూ, చప్పుడు కాకుండా, మునిగాళ్ల మీద వెనక్కి నడిచి అడవిలోకి పోయాయి. భయంతో పరిగెత్తడం వాళ్లకు అలవాటే. భయంతో మెల్లగా నడవడం ఎంత నరకమో ఆ రోజే తెలిసింది.

ఆ మర్నాడు వీరాసామి చెట్టు దిగి చుక్కమ్మ దగ్గరికి వచ్చి బావురుమన్నాడు. "నేను చూశానక్కా. తుంగ కదలగానే చూశాను. కేక గొంతు దాకా వచ్చింది. మా పిల్లలు గుర్తొచ్చి మింగేశాను. గరికయ్యను నేనే చంపాను."

"నువ్వు కాదులే తమ్ముడూ" అంది చుక్కమ్మ. ఆమెకూ ఏడుపొస్తోంది. "నా కూన ఆకలికి అరవడం మొదలుపెట్టింది. దాన్ని ఇయ్యాల తీసుకెళ్లనా, రేపు తీసుకెళ్లనా? ఎట్టా తీసుకెళ్లేది?"

అంతలో బూడిదయ్య పరామర్శకు వచ్చాడు. పొట్ట కొంచెం బరువుగా ఉన్నట్టుంది, నిదానంగా నడుస్తున్నాడు. "గరికయ్య మృతి తీరని లోటు" అన్నాడు తల వంచి. తర్వాత తల ఎత్తి, "అయితే చట్టం అమలు మాత్రం సంతృప్తికరంగా ఉంది. ఒక్క చప్పుడు లేదని కాకులు కూడా మెచ్చుకున్నాయి" అన్నాడు. నోరు తెరిచినప్పుడు పచ్చి మాంసం వాసన గుప్పుమంది. చుక్కమ్మకు అంతా అర్థమైపోయింది. ఏమీ తెలియనట్టు నేల చూపులు చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం నుంచి మడుగుకు రావడం చాలామంది మానేశారు. చెమ్మ ఉన్న గడ్డలు తవ్వుకుని నమిలారు, తెల్లారుజామున ఆకుల మీది మంచు నాకారు. నాలుకలు పిడచకట్టాయి. అయినా తుంగ వైపు పోవాలంటే ఎవరికీ కాళ్లాడలేదు. చుక్కమ్మ కూనకు లేచి నిలబడే ఓపిక కూడా తగ్గిపోతోంది.

అప్పుడు చుక్కమ్మ గుండె రాయి చేసుకుని బూడిదయ్య గుహకు వెళ్లింది.

"అయ్యా, మన చట్టం పరువు పోయేట్టుంది. భయపడి జనం మడుగుకే రావడం లేదు. ఎవరూ రాకపోతే ప్రశాంతత ఎవరికంట? ఈ సంగతి పెద్దబండ దాకా పోతే మీకు మాటొస్తుంది."

బూడిదయ్య ఉలిక్కిపడ్డాడు. జనం రాకపోతే చిరుతకు వేట లేదు, చిరుతకు వేట లేకపోతే తనకు మిగులూ లేదు. "మరేం చేద్దామంటావమ్మా?"

"మీరొచ్చి మా ముందు నీళ్లు తాగండి. తుంగ పక్కనే నిలబడి నాలుగు మాటలు చెప్పండి, మెల్లగా, చట్టానికి అడ్డం రాకుండా. మా సభ్యుడే అంత ధైర్యంగా నిలబడితే మాకు మాత్రం భయమెందుకు?"

మెచ్చుకోలు వింటే బూడిదయ్యకు ఒళ్లు తెలియదు. పైగా చిరుత దొర తనవాడేనాయె! "రేపే వస్తాను. అందరినీ రమ్మను" అన్నాడు తోక విదిలించి.

దారిలో వీరాసామి ఆమెను ఆపాడు. "అక్కా, ఆయనకేమన్నా అయితే?"

"మనం చేసేదేం లేదు తమ్ముడూ. ఆయన చేసిన చట్టం ఆయన ముందరే పాటిస్తాం. మన భయం ఎట్టా ఉంటదో ఆయనకు ఒక్కసారి తెలవాల" అంది చుక్కమ్మ. అన్నదే గానీ ఆ రోజంతా మేత ముట్టలేదు.

మర్నాడు పొద్దు వాలుతుండగా అందరూ వచ్చారు. తుంగకు దూరంగా, ఎదుటి గట్టు మీద, వెనక్కి పరిగెత్తే దారి ఖాళీగా ఉంచుకుని నిలబడ్డారు. బూడిదయ్య ఒక్కడే తుంగ పక్కకు వెళ్లాడు. ముందు ఆర్భాటంగా నాలుగు గుక్కలు తాగి, తుంగకు వీపు పెట్టి జనం వైపు తిరిగాడు.

"చూశారా? ఎంత హాయిగా ఉందో చూశారా?" అని లోగొంతుకతో మొదలుపెట్టాడు. "ఈ మడుగు చరిత్రలో ఇంత నిశ్శబ్దం ఏనాడైనా ఉందా?"

ఆయన వెనక తుంగ కదిలింది.

మడుగుకు ఎవరూ రాని ఆ రోజుల్లో చిరుత పస్తులున్నాడు. పక్కటెముకలు బయటికొచ్చాయి. ఆకలిమీద ఉన్న చిరుతకు నక్కైనా ఒకటే, కుందేలైనా ఒకటే. ఇచ్చిన మాట ఆ కడుపుకు ఎందుకు గుర్తుంటుంది? తుంగ మొదళ్లలోంచి ముందు మూతి వచ్చింది, తర్వాత నేలకు ఆనిన గడ్డం, ఆ తర్వాత ఒక పంజా.

వీరాసామి చూశాడు. రెండు చేతులా నోరు మూసుకున్నాడు. చుక్కమ్మ చూసింది. పుట్టినప్పటి నుంచీ ఆ పంజా కనపడితే నేల తన్నడమే ఆమెకు తెలుసు, ఆలోచించకుండానే కాలు లేచింది. లేచిన కాలిని బురదలోకి గట్టిగా దిగేసి నిలబడింది. ఆ క్షణంలో ఆమెకు బూడిదయ్య మీద జాలి కూడా వేసింది. నిజమే చెబుతున్నాను, వేసింది. కానీ పొదలో కూన ఉంది.

బూడిదయ్య మాత్రం పరవశించిపోతున్నాడు. జనమంతా కదలకుండా మెదలకుండా, కళ్లు పెద్దవి చేసుకుని, చెవులన్నీ తన వైపే తిప్పి వింటున్నారు. "ఆహా! నా ప్రసంగం ఇంత శ్రద్ధగా మీరెన్నడూ వినలేదు. ఇదీ ప్రజాభిమానమంటే! వచ్చే సమావేశాల్లో ఈ చట్టాన్ని వాగు పొడుగునా…"

మాట మధ్యలో ఆగింది. వాళ్ల కళ్లు తన మీద లేవు. తన భుజం మీదుగా ఎటో చూస్తున్నాయి.

"ఏం చూస్తున్నారు?" అన్నాడు.

జవాబు లేదు.

"వీరాసామీ, ఏముందక్కడ?"

వీరాసామి నోటి మీద చేతులు తీయలేదు. ఎండుకొమ్మ మీది కాకులు అతని వైపే మెడలు వంచి కూర్చున్నాయి.

"చెప్పండయ్యా! ఎవరన్నా చెప్పండి!" బూడిదయ్య వెన్ను మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. వెనక్కి తిరగాలంటే భయం, తిరగకపోతే ఇంకా భయం. ఇన్నేళ్లు ఇదే రేవులో ఎంత నిశ్చింతగా తాగాడో, ఆ నిశ్చింత ఎవరి గొంతులోంచి వచ్చేదో అప్పుడు తెలిసొచ్చింది పెద్దమనిషికి.

"చెబితే మాకు నీళ్లు పోతాయండీ" అంది చుక్కమ్మ, పెదవి కదిలీ కదలకుండా.

బూడిదయ్య తిరిగాడు. పసుపుపచ్చని రెండు కళ్లు మూరెడు దూరంలో ఉన్నాయి. అప్పుడు ఆయన నోట్లోంచి వచ్చిన కూత ఆ అడవిలో ఏ నక్కా ఎన్నడూ కూయలేదు. "కూ…య్!" అని కూసి పైకి ఎగిరాడు. చిరుత పంజా తొడను చీల్చింది. పడుతూ లేస్తూ పక్కనున్న రేగుపొదలోకి దూరి, ముళ్లన్నీ ఒంట్లో గుచ్చుకుంటుంటే రెండో వైపు నుంచి బయటపడి పారిపోయాడు. అప్పటికే గట్టు మీద ఎవరూ లేరు. అందరూ కాళ్లకు బుద్ధి చెప్పారు. చిరుత ఆకలితోనే తుంగలోకి తిరిగి పోయాడు.

చీకటి పడకముందే కాకులు పెద్దబండకు కబురు చేర్చాయి. చట్టం వచ్చాక మొట్టమొదట నోరెత్తినవాడు బూడిదయ్య. కాబట్టి ఆయనకూ, నక్క జాతి మొత్తానికీ ఈ వేసవంతా మడుగు నీళ్లు బంద్. పొద్దెక్కేసరికి నక్కలన్నీ పిల్లల్ని వెంటేసుకుని బూడిదయ్య గుహ ముందు చేరాయి.

"ఏరా, చట్టాలు చేసేది నువ్వు, గొంతెండి చచ్చేది మేమా?" అంది ఆయన మేనత్త. "పో! పోయి అదేదో తీయించుకునిరా, లేకపోతే ఈ గుహలో కాలు పెట్టనివ్వం."

బూడిదయ్య కుంటుకుంటూ ఆ గడప నుంచే చుక్కమ్మ దగ్గరికి పోయాడు. "అమ్మా, కూసింది నేను కాదు, కొండముచ్చులని ఒక్క మాట చెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"మేం నోరెత్తకూడదు గదండీ" అంది చుక్కమ్మ.

ఇక గతిలేక పెద్దబండకు పోయాడు. పులి ఎదుట నిలబడితే తొడ గాయం మంట పెడుతోంది, నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. "మహాప్రభో, ఆ చట్టం తీసేయండి. జనం భయపడుతున్నారు" అన్నాడు.

"జనం సంతోషిస్తారని మొన్న ఓటేసేటప్పుడు నువ్వేగా చెప్పావు?" అన్నాడు పులి.

"అప్పుడు నాకు తెలియదండీ" అన్నాడు బూడిదయ్య. సభలో ఆయన పలికిన మొదటి నిజం అదే అయ్యుంటుంది. పులి పక్కనే కూర్చున్న చిరుత వైపు చూశాడు. చిరుత డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. "ఆ చట్టమొచ్చాక మడుగుకు పిట్ట కూడా రావడం లేదు. నాకూ పస్తులే. తీసేయండి" అన్నాడు విసుగ్గా. తీసేశారు.

ఆ సాయంత్రం చుక్కమ్మ కూనను మడుగుకు తెచ్చింది. కూన తడబడుతూ నీళ్లలో మూతి పెట్టింది. పెట్టి పెట్టగానే తల ఎత్తి బెదురుగా చూసింది. పైన మద్దికొమ్మ మీద వీరాసామి "తాగు బుజ్జీ, నేను చూస్తున్నాలే" అన్నాడు గొంతెత్తి, అడవంతా వినపడేలా. కూన కడుపారా తాగింది. చుక్కమ్మ దాని పక్కనే నిలబడి ఏడ్చేసింది.

మర్నాడు బూడిదయ్య పుట్టెక్కాడు. సిగ్గెక్కడిది! "నా ప్రియమైన ప్రజలారా! మీ కష్టం చూసి నా గుండె తరుక్కుపోయి, నా రక్తం చిందించి మరీ ఆ నల్ల చట్టాన్ని రద్దు చేయించాను" అన్నాడు. చేసిన పనులన్నీ ఏకరువు పెట్టి, చివర్లో, "ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అన్నాడు.

ఎవరూ పలకలేదు. చుక్కమ్మ మెల్లగా కళ్లెత్తి ఆయన భుజం మీదుగా వెనక్కి చూసింది. ఆమెను చూసి అందరూ అటే చూశారు. బూడిదయ్య మొహంలో నెత్తురు ఇంకిపోయింది. పుట్ట మీంచి అమాంతం దూకి, కుంటికాలితోనే, వెనక్కి తిరగకుండా అడవిలో పడి పరిగెత్తాడు. పుట్ట వెనక ఏమీ లేదు, ఎండుగడ్డి తప్ప. ఆ తర్వాత ఎక్కడ మాట్లాడడానికి లేచినా వినేవాళ్లు ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉంటే చాలు, బూడిదయ్యకు చెమటలు పట్టి మాట ఆగిపోయేది.

నలుగురి నోళ్లు కట్టించినవాడికి ఆపద వచ్చిననాడు, వెనక ఏముందో చెప్పే నోరు ఒక్కటీ మిగలదు.